శనివారం సంత, అత్తమ్మ ఒక్కపొద్దు

సెయింట్ ఆల్బన్స్‌కు పోదామన్నది నేనే. అత్తమ్మ హనుమకొండ నుంచి వచ్చి మూడు వారాలైనా, వెంబ్లీలో మా ఫ్లాట్, గుడి, కూరగాయల దుకాణాలు తప్ప ఏమీ చూడలేదు. ఆ బెండకాయలు చూడ్డానికి ఇంత దూరం రావాలా? అసలైన ఇంగ్లండ్ ఎలా ఉంటుందో చూపించాలని నాకు పట్టుదల. లండన్ పక్కనే ఉన్న పాత ఊరు, కారులో ముప్పావుగంట. పాతకాలపు గడియారం బురుజు, పక్కకు వంగిన చెక్క ఇళ్లు, శనివారం వస్తే వీధి పొడవునా సంత. మా ఆయన ఆఫీసు పని మీద న్యూకాసిల్ వెళ్లడంతో నేను, అత్తమ్మ, తొమ్మిదేళ్ల మా పాప ముగ్గురమే బయలుదేరాం.

నేను ఒక జీపీ సర్జరీలో, అంటే మా పేట డాక్టర్ల క్లినిక్‌లో, రిసెప్షన్‌లో పనిచేస్తాను. రోజంతా జనానికి ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్లు చెప్పింది తిరిగి చెప్పడమే పని. ఇంటికొచ్చినా ఆ పెత్తనం పోదు. ఆ పొద్దున కూడా అత్తమ్మ ముందు ఉప్మా ప్లేటు పెట్టి, అరచేతిలో షుగర్ మాత్ర పెట్టి, మింగేదాకా నిలబడి, ఆ తర్వాతే పాపను తయారుచేయడానికి వెళ్లాను. ఆమెకు శనివారం ఒక్కపొద్దు అలవాటు. పొద్దుగూకి వెంకన్నకు దీపం పెట్టేదాకా వట్టి మంచినీళ్లే. ఈ మాత్రలతో ఆ ఉపవాసాలు కుదరవని వచ్చిన వారంలోనే గట్టిగా చెప్పాను. సరే బిడ్డా అంది. ఆ సరేను నేను నమ్మాను.

సంతలో మొదటి అరగంట బాగానే గడిచింది. తర్వాత స్ట్రాబెర్రీల బండి దగ్గర ఆమె ఒక పెట్టె ఎత్తి వాసన చూసి, అడుగున పళ్లు మెత్తగా ఉన్నాయని తిప్పి చూపించి, వేళ్లతో తక్కువ ధర చెప్పడం మొదలుపెట్టింది. బండి ఆయన నవ్వుతూనే ఉన్నాడు. వెనక లైనులో వాళ్లూ నవ్వారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

"ఇక్కడ బేరాలుండయి అత్తమ్మా. నా ఇజ్జత్ తియ్యకుండ్రి" అన్నాను.

ఆమె పెట్టె కింద పెట్టేసింది. కాసేపు కూర్చుంటానంది. భుజం మీది సంచి కూడా ఆమెకు బరువుగానే ఉన్నట్టుంది. దాన్ని విసురుగా లాక్కుని నేనే తగిలించుకుని, ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి, పాపను టాయిలెట్‌కు తీసుకెళ్లాను. అక్కడ లైను. తిరిగొచ్చేసరికి బెంచీ మీద కుక్కతో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. అత్తమ్మ లేదు.

ముందు నాకు వచ్చింది భయం కాదు, కోపం. చెప్పిన చోట పది నిమిషాలు కూర్చోలేదా అని పళ్లు నూరుతూ ఫోన్ చేశాను. నా భుజం మీది సంచిలోనే మోగింది. ఫోన్ కోసం సంచి తెరిస్తే చేతికి స్టీలు డబ్బా తగిలింది. మూత తీశాను. పొద్దున నేను పెట్టిన ఉప్మా, పారేయడానికి మనసొప్పక కాబోలు, చెంచా అంటకుండా అలాగే ఉంది.

మాత్ర ఎనిమిదింటికి వేసుకుంది. ఇప్పుడు పన్నెండున్నర. ఖాళీ కడుపు మీద ఆ మాత్ర ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు. చెమటలు, వణుకు, ఆ తర్వాత మాట తడబడి, మనిషి ఉన్నచోటే కూలిపోవడం. ఆమెకు ఇంగ్లీషు రాదు, చేతిలో ఫోన్ లేదు.

పాప చెయ్యి పట్టుకుని పరిగెత్తాను. గులాబీ రంగు చీర, పైన నీలం కోటు అంటూ రొట్టెల బండినీ, చీజ్ బండినీ, పూలమొక్కల ఆమెనూ అడిగాను. అందరూ పాపం అన్నారు, ఎవరూ చూడలేదు. ఆంబులెన్సుకు ఫోన్ చేద్దామంటే మనిషి ఎక్కడుందని చెప్పను? గడియారం బురుజు పక్క సందులో జనం కిందికి పోతుంటే మేమూ దిగాం. చివర పెద్ద చర్చి. దాన్ని దాటి పార్కు వైపు పోబోతుంటే పాప నా చెయ్యి లాగి, అవి నానమ్మ చెప్పులని ఇంగ్లీషులో అంది.

తలుపు పక్కన, గోడవారగా, తడి రాయి మీద ఒకే ఒక జత. సాక్సులు మడిచి లోపల పెట్టి ఉన్నాయి. అందరూ బూట్లతోనే లోపలికి పోతున్నారు. దేవుడున్న చోటికి ఆమె చెప్పులతో పోదన్న సంగతి నాకు తట్టనే లేదు.

లోపల ఎంతకూ తరగని కుర్చీల వరసలు. స్తంభం పక్క కుర్చీలో ఆమె కనిపించింది. నుదురంతా చెమట, ఒళ్లో చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి కూడా ఒక క్షణం గుర్తుపట్టలేదు. కానుకల బల్ల దగ్గరున్న చర్చి ఆవిడ నా మొహం చూసి పరుగున వచ్చింది. షుగర్ పడిపోతోందన్నాను. ఆవిడ చర్చిలోనే ఉన్న కెఫే నుంచి నీళ్లూ, నాలుగు చక్కెర పొట్లాలూ తెచ్చింది.

ఒకటి చింపి నోటి దగ్గర పెట్టాను. అత్తమ్మ పెదవులు బిగించి తల తిప్పుకుంది. దీపం పెట్టలేదంది. బతిమాలాను, కసిరాను. ఆమె కళ్లు మూతలు పడుతున్నాయి. నాకు దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు, కానీ ప్రసాదాన్ని కాదనలేరని తెలుసు. చక్కెర అరచేతిలో పోసి ముందు చాపాను.

"ఇది ఈడి దేవుని ప్రసాదం అత్తమ్మా. పూజారమ్మ ఇచ్చింది. వద్దనద్దు."

ఆమె ఆ చేతినీ, నా మొహాన్నీ చూసింది. తర్వాత వణికే వేళ్లతో చిటికెడు తీసి కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. మిగతా మూడు పొట్లాలూ ఆమె నోట్లో నేనే వేశాను. పాప నీళ్లు తాగించింది. పావుగంటకు వణుకు తగ్గింది. డబ్బాలో ఉప్మా కూడా కాస్త తిన్నది.

ఆమె అబద్ధం నాకు దొరికింది, నా అబద్ధం ఆమెకు దొరకలేదు అనుకున్నాను. పొట్లం కాగితాలు ఉండచుట్టి జేబులో దాచుకుంటుంటే ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"చాయ్‌ల ఏసే చక్కెర అని నాకెర్కనే బిడ్డా" అంది మెల్లగా. "నువ్వు ఏడ్వబట్టినవని తిన్న."

నేను ఏడుస్తున్నానని అప్పటిదాకా నాకే తెలియదు.