బావ గోడకు కొట్టిన గాడి

మా బావ, అంటే మా ఆయనకు అన్న, పంపకాల్లో స్లాబు ఇల్లు తాను తీసుకుని, దాని వెనక గోడకు ఆనుకున్న రేకుల వరండా మా మొహాన కొట్టాడు. ఆ వరండాలోనే మా మగ్గం. వరంగల్‌లో జంపఖానాలు నేసి బతికే ఇంట్లో మగ్గం తడిసిందంటే పొయ్యి తడిసినట్టే. మా రేకులకూ ఆయన గోడకూ మధ్య బెత్తెడు సందు. వాన పడితే గోడ మీది నీళ్లన్నీ ఆ సందులోంచి సరాసరి మగ్గం మీది పడుగు దారాల మీదికి దిగేవి.

తొలకరికి ముందే మేస్త్రిని పిలిచాను. నిచ్చెనెక్కి చూశాడు. "అమ్మా, గోడకు గాడి కొట్టి, వంచిన రేకు అండ్ల దూర్చాలె. ఉత్త సిమెంటు పూస్తే ఆగది. రేకు ఎండకు సాగుతది, సిమెంటు సాగుతదా?" అన్నాడు.

ఉలి చప్పుడు వినగానే బావ ఊడిపడ్డాడు.

"నా కోడలు కడుపుతోని ఉన్నది. ఇంటికి ఉలి ముట్టియ్యొద్దని తెల్వదా? గోడ నాది. ఇంకో దెబ్బ పడ్డదంటె మర్యాదుండది!"

కాన్పయ్యేదాకా ఇంటికి మేకు కూడా కొట్టనివ్వరు మావాళ్లు. నాకు తెలియదా? ఇద్దరిని కన్నాను. కానీ పురుడయ్యేదాకా వాన ఆగుతుందా? అన్న ముందు తల దించుకుని నిలబడ్డ మా ఆయన్ని చూస్తే, బావ మీదకంటే ఆయన మీదే ఎక్కువ మండింది. మేస్త్రి సందులో సిమెంటు మెత్తి వెళ్లిపోయాడు.

రెండో వానకే అది పెళ్లలుగా ఊడి మగ్గం మీద పడింది. వెనకే నీళ్లు. సగం నేసిన జంపఖానాకు ఎర్ర రంగు దిగి, పడుగంతా మరకలైంది. కోసి అవతల పారేశాను. ఏడవలేదు. గోడ అవతలికి వినపడేలా తిట్టాను.

కొత్త పడుగు ఎక్కించిన వారానికే అదే గోడలో గుయ్యిమని డ్రిల్లు మోత. కోడలికి ఉక్కపోస్తోందని బావ ఏసీ పెట్టిస్తున్నాడు. పైపు కోసం పిడికిలంత బెజ్జం! ఆ ఇటుక పొడి కూడా సందులోంచి నా మగ్గం మీదే రాలింది.

ఇక ఆగలేదు. సుత్తీ ఉలీ పట్టుకుని నేనే నిచ్చెనెక్కాను.

"దిగు! దిగుతవా లేదా?" బావ కింద నిలబడి అరిచాడు.

"మీ ఏసీకి లేని కీడు నా రేకుకు ఎక్కడిది బావా?"

"అది కోడలి కోసం పెట్టిస్తున్న."

"ఇది నా పిల్లల బువ్వ కోసం కొడ్తున్న."

కొట్టాను. దెబ్బ దెబ్బకూ గోడ అవతల పడుకున్న ఆ కోడలు పిల్ల గుర్తొచ్చింది. దేవుడా, దానికేం కాకూడదు అనుకుంటూనే కొట్టాను. పొద్దుగూకేలోపు మేస్త్రిని పిలిపించి, గాడిలో రేకు దూర్పించి, అంచంతా సిలికాన్ జిగురుతో మూయించాను.

కోడలికి సుఖంగా కాన్పైంది. ఆడపిల్ల. ఇరవై ఒకటో రోజున వాడకట్టంతా పిలిచి, పాపను ఉయ్యాల్లో వేసి తొట్టెల చేశారు, మమ్మల్ని తప్ప. ఆ రోజు కుండపోత. మగ్గం మీద చుక్క పడలేదు. పిలవకపోతే పీడా పోయింది, వాళ్ల అన్నం ఎవరికి కావాలి! కానీ గోడ అవతల ఆ పసిది ఏడ్చినప్పుడల్లా నేను ఇవతల మగ్గం ఆపి విన్నాను. ఇప్పుడు నడుస్తోందట. ఇంతవరకు దాని మొహం చూడలేదు.