ఆదెయ్య మామ మార్చమన్న సీసా

దయ్యాలున్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. అందుకు గట్టి కారణమే ఉంది. మా దర్శిలో తిరిగే దయ్యం కథల్లో సగం నేను పుట్టించినవే. తల లేని మనిషొకడు మా మందుల షాపుకొచ్చి తలనొప్పి బిళ్ల అడిగాడనీ, ఎక్కడ వేసుకుంటావంటే అలిగి వెళ్లిపోయాడనీ చెప్పింది నేనే. ఆ కథ ఊళ్లు తిరిగి చీరాల చేరింది. అక్కడున్న మా తోడల్లుడు దాన్ని నాకే ఫోన్ చేసి చెప్పాడు, భయపడుతూ.

కాబట్టి ఇది ఎవరూ నమ్మరని తెలుసు. నమ్మమని అడగను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

నేను ఫార్మసిస్టుని. డాక్టరు సీటు రాక ఫార్మసీలో చేరిన బాపతు. ఏ బిళ్లలో ఏముంటుందో, ఏది దేనితో కలిస్తే ప్రమాదమో కాలేజీలో బాగానే చెప్పారు. మా ప్రాంతంలో అన్నిటికన్నా ప్రమాదమైంది ఒక మాట అని మాత్రం చెప్పలేదు. ఆ మాట ‘మందు’.

మాకు జ్వరానికి వేసుకునేదీ మందే, మిర్చికి కొట్టేదీ మందే, సాయంత్రం నలుగురు చేరి తాగేదీ మందే. ‘మా ఆయన మందు తాగాడు’ అంటూ ఎవరైనా షాపులోకి వస్తే ముందు వాళ్ల మొహం చూడాలి. ఏడుస్తుంటే పురుగుల మందు. తిడుతుంటే బ్రాందీ. ఊరికే చెబుతుంటే నేనిచ్చిన టానిక్కు. ఫార్మసీ చదివే పిల్లలు మా షాపుకి ట్రైనింగుకి వస్తే నేను చెప్పే మొదటి పాఠం ఇదే. వాళ్లు జోకనుకుని నవ్వుతారు.

ఆ రోజు మధ్యాహ్నం, మిర్చి కళ్లాల కాలం. ఎండకి బజార్లో మనిషి లేడు. తలెత్తేసరికి కౌంటరు ముందు ఆదెయ్య మామ నిలబడి ఉన్నాడు. పక్క ఊరి రైతు. మా నాన్నతో స్నేహం, ఆ వరసన నాకు మామ. నేనొక కోత కోస్తే అంతకన్నా పెద్దది కోసి పోయే మనిషి. భుజం మీద తుండుగుడ్డ, దాని మీద మిరప పొట్టు. చేతిలో దగ్గు మందు సీసా. సీసా మీద నా చేతిరాతే, ‘పూటకో మూత’ అని.

“ఇది వాసనొస్తందిరా మస్తానూ. మార్చియ్యి,” అన్నాడు.

“మందు వాసన రాకపోతే మల్లెపూల వాసనొచ్చిద్దా మామా?” అన్నాను.

ఆయన నవ్వలేదు. నాకు మొదట వింతగా తోచింది అదే.

సీసా తీసుకుని మూత తిప్పాను. గుప్పున కొట్టింది. దగ్గు మందు కాదు. మిర్చికి కొట్టే పురుగుల మందు.

“ఇదెక్కడిది? ఎవరన్నా తాగారా?” అని అరిచాను.

“ఇంకా లేదు. కోడలు పిల్లకి పొయ్యబోతంది,” అన్నాడు. ఏ కంగారూ లేదు.

ఫోను వెనక అరలో ఛార్జింగులో ఉంది. సీసా కౌంటరు మీద పెట్టి, అటు తిరిగి ఫోను లాక్కుని ఇటు తిరిగాను. మామ లేడు. సీసా లేదు.

వెతకడానికి వ్యవధి లేదు. ఆయన కొడుకు శ్రీనుకి ఫోన్ కొట్టాను. విషయం చెబితే పగలబడి నవ్వాడు.

“ఏందన్నా, పగలే మొదలెట్టావా? నాన్న ఇక్కడే కళ్లంలో ఉంటే, మీ షాపుకెట్టా వస్తాడు? పొద్దుటి నుంచీ కాయలు తిరగేస్తన్నాడు.”

“ఒరేయ్, అల్లా మీద ఒట్టు. ముందు ఇంట్లో నీ పెళ్లాం లక్ష్మికి ఫోన్ చెయ్యి. నన్ను తర్వాత తిట్టుకో.”

నా గొంతులో ఏం వినపడిందో, ఫోన్ పెట్టేశాడు.

తర్వాత వాడు మళ్లీ ఫోన్ చేసేదాకా నేను ఎలా ఉన్నానో నాకు గుర్తులేదు. ఏడుస్తూనే చెప్పాడు. లక్ష్మి పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుని, మూతలో పోసి, ముక్కు మూయబోతుండగా ఫోన్ మోగిందట. మిర్చి కాలం, ఇంట్లో ఎప్పుడూ ఉండే వాసనే కదా అనుకుందట. చుక్క కూడా లోపలికి పోలేదు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. పొద్దున లక్ష్మి మొగుడితో ‘మందు అయిపోయింది, తీసుకురా’ అందట. పిల్ల దగ్గు మందు అని ఆమె ఉద్దేశం. వీడు మిర్చి మందనుకున్నాడు. పక్క చేను రైతు దగ్గర మిగిలింది ఖాళీ దగ్గు సీసాలో పోయించుకొచ్చి, ‘మందు గూట్లో పెట్టా’ అని చెప్పి కళ్లానికి వెళ్లిపోయాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు. ఇద్దరూ తెలుగులోనే మాట్లాడుకున్నారు.

సీసా వాళ్ల గూట్లోనే ఉంది. నా చేతిరాతతో. వాసన చూశాను. అదే.

ఎండకి కునుకు తీసి కలగన్నానేమో అని నన్ను నేనే అడుగుతుంటాను. కానీ వాళ్ల గూట్లోకి ఆ పొద్దునే చేరిన సీసా నా కలలోకి ఎలా వస్తుంది? మామే వచ్చాడనుకుందామంటే, ఆ వేళ కళ్లంలో కూలీలంతా ఆయన పక్కనే కాయలు ఏరుతున్నారట. రాత్రి మా ఆవిడ నా చేతులు పురుగుల మందు వాసనొస్తున్నాయంది. అది సాక్ష్యంగా చెబుదామంటే, సాయంత్రం వాళ్లింట్లో ఆ సీసా పట్టుకున్నాను కదా. ఎటు తిప్పినా తెగదు. పోయిన మనిషి కనిపించాడంటే దయ్యమనుకోవచ్చు. బతికున్న మనిషి, బీపీ బిళ్లలు వాడే మనిషి రెండు చోట్ల ఉంటే ఏమనాలో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆదెయ్య మామ మొదట్లో నవ్వాడు. “నా పేరు పెట్టి బాగా కోశావురా,” అన్నాడు. ఇప్పుడు నవ్వడం లేదు. బిళ్లల కోసం వచ్చినప్పుడు, ఉన్న జనమంతా వెళ్లేదాకా పక్కన నిలబడతాడు. తర్వాత కౌంటరు మీదికి వంగి మెల్లగా అడుగుతాడు.

“ఆ రోజు నేను ఇంకేమన్నా చెప్పానంట్రా?”

“లేదు మామా. అంతే.”

బిళ్లలు జేబులో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, బజారు ఇటూ అటూ చూసి మళ్లీ వెనక్కి తిరుగుతాడు.

“మరి ఎటు పోయాను?”

“చూళ్లేదు మామా. ఫోను కోసం అటు తిరిగాను.”