నావికుడి గొంతు

మా చిన్నమావయ్య జీవితంలో సగం చావడంతోనే గడిచిపోయింది. డబ్బింగ్ సినిమాల్లో గుంపు గొంతులు అతనివి. సైనికుడు కాలిపోతూ అరిచినా, మరమనిషి కూలిపోతూ గురగురలాడినా లోపల ఉన్నది మావయ్యే. "ఇవాళ ఎన్నిసార్లు పోయావురా?" అని మా అమ్మ అడిగితే వేళ్లు మడిచి మరీ చెప్పేవాడు. పేరున్న గొంతు పెద్దమావయ్యది. హీరోలందరికీ ఆయనే. ఇద్దరూ అమ్మకి తమ్ముళ్లు. చిన్నవాడికి పెద్దవాడి గొంతు అచ్చుగుద్దినట్టు వచ్చేది. కుర్రతనంలో ఆ గొంతుతో ఫోనెత్తి, అన్నగారి స్నేహితులందర్నీ ఊరవతలికి రమ్మని, ఇంట్లో కూర్చుని కడుపు పట్టుకు నవ్వేవాడట.

నేను వాళ్లు పనిచేసిన స్టూడియోలోనే సౌండ్ ఇంజనీరుని. అద్దానికి ఇవతల నేను, అవతల మావయ్య. ఏళ్ల తరబడి ఒక మనిషిని హెడ్‌ఫోన్లలో వింటే అతను గుటక మింగిన చప్పుడు కూడా గుర్తుపట్టొచ్చు. ఇంట్లోవాళ్ల కంటే నాకే మావయ్య ఎక్కువ తెలుసని నేననుకోవడం అందుకే. మా అమ్మ ఒప్పుకోదు, అది వేరే సంగతి.

పదకొండేళ్ల క్రితం స్టూడియోకి ఒక అంతరిక్షం సినిమా వచ్చింది. మూడు భాగాలు. చుక్కల మధ్య తిరిగే పెద్ద ఓడ, దాన్ని నడిపే ముసలి గురువు, ఆయన శిష్యుడైన నావికుడు. బంగారంలాంటి కుర్రాడు. మొదటి భాగం చివర అదే కుర్రాడు గురువుని చంపి, నల్ల ముసుగు తగిలించుకుని, ఆ తర్వాత గ్రహాలకి గ్రహాలే తగలబెడతాడు. నావికుడి గొంతు పెద్దమావయ్యది. చివరి నాలుగు సీన్లు మిగిలుండగా ఆయనకి జ్వరమొచ్చి గొంతు పూడుకుపోయింది. విడుదల తేదీ నెత్తిమీదకొచ్చింది.

"నువ్వెళ్లి లాగించేయరా. నా పరువు నిలబెట్టు" అని తమ్ముణ్ణి ఆయనే పంపాడు.

తమ్ముడు నిలబెట్టాడు. అతుకు ఎక్కడుందో అతికిన నాకే దొరకలేదు. రెండో భాగం మొదలెట్టే ముందు అప్పటి డైరెక్టరు అద్దం దగ్గరికొచ్చి, "ముసుగు వేశాక గొంతు ఎలాగూ మారాలి. ఇకనుంచి నువ్వే చేసెయ్" అన్నాడు. అన్నయ్యకి తగ్గిపోయింది సార్, అని మావయ్య ఒక్క ముక్క అనాలి. మైకు ఆన్‌లోనే ఉంది. పెదాలు విడిన చప్పుడు విన్నాను. ఊపిరి తీసుకున్న చప్పుడు విన్నాను. ఆ తర్వాత వచ్చిన మాట, "సరే సార్."

పెద్దమావయ్య పల్లెత్తు మాట అనలేదు. "బాగా చెయ్" అన్నాడంతే. తర్వాత ఒక్కో సినిమా ఆయన చేతిలోంచి జారిపోయింది. కొన్నాళ్లు బస్‌స్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పాడు. ఆ తర్వాత గొంతులో గడ్డ, ఆపరేషను. మాట పోయింది. ఇప్పుడు మెడ దగ్గర చిన్న రంధ్రం, చెప్పాల్సింది రాయడానికి ఒళ్లో పలక. జబ్బుకీ సినిమా పోవడానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు, అమ్మ చెప్పింది, నేనూ చెప్పాను. చిన్నమావయ్య చెవికెక్కలేదు. ఊరంతా అతన్ని 'ముసుగు' అని ముద్దుగా పిలుస్తుంటే, అతను మాత్రం గడ్డం గీసుకుంటూ కూనిరాగం తియ్యడం కూడా మానేశాడు. తీస్తే అన్నగారి గొంతు వస్తోందట. మనతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోతాడు. గొంతు సవరించుకుని అదే మాట మళ్లీ మొదటినుంచి చెబుతాడు.

పోయిన ఏడాది మూడో భాగం వచ్చింది. చివర్లో నావికుడు ముసుగు తీసేస్తాడు. తన కూతురికి మొదటిసారి మొహం చూపించి మూడు మాటలు అంటాడు: "నేనే. ఇలా రా. భయపడకు." అక్కడ మళ్లీ పాత గొంతు, కుర్రనాటి గొంతు రావాలి.

మావయ్య మైకు ముందుకి రాలేదు. "వీడెందుకు చెడ్డాడో తేలనీ, అప్పుడొస్తా" అని కుర్చీలో బిగుసుకు కూర్చున్నాడు.

కొత్త డైరెక్టరు వయసులో చిన్నవాడు, ఓపికమంతుడు. "కోపం సార్. ఊరు కాలిపోయింది, భార్య పోయింది. పగబట్టాడు. ముసుగు తీశాక ఆ దుఃఖమంతా బయటికి రావాలి. గొంతులో కాస్త ఏడుపు పెట్టండి."

"ఊరు కాలకముందే చెడ్డాడు" అన్నాడు మావయ్య. "ఏమే, మొదటి భాగంలో కుర్చీ సీను వెయ్యి."

వేశాను. గురువు సొమ్మసిల్లి పడిపోతే నావికుడు ఆయన కుర్చీలో కూర్చుని ఓడని గండం దాటిస్తాడు. గురువు తేరుకుని వచ్చి పక్కన నిలబడతాడు. "రండి గురువుగారూ, కూర్చోండి" అంటూ కుర్రాడు లేస్తాడు. హాల్లో చప్పట్లు పడ్డ చోటు అది.

"ఆయనొచ్చి నిలబడ్డాక వీడు ఎంతసేపటికి లేచాడు?"

"ఒకటిన్నర సెకను" అన్నాను తెర మీద అంకెలు చూసి.

"అదీ. అక్కడ చెడ్డాడు. గురువుని చంపడం, గ్రహాలు తగలెయ్యడం, అదంతా ఆ ఒకటిన్నర సెకను ఎవరూ చూడకూడదని."

డైరెక్టరు నవ్వు ఆపుకున్నాడు. "ఎడిటింగులో మిగిలిపోయిన ఖాళీ అయ్యుంటుంది సార్."

నాకూ అలాగే అనిపించింది. నా నోరు ఊరుకుంటుందా? "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది మావయ్యా నీ వరస" అన్నాను.

అన్నాక నాలుక కొరుక్కున్నాను. మావయ్య నా వైపు తిరిగాడు.

"అవును, తడుముకుంటున్నా" అన్నాడు. "ఆ నాలుగు సీన్లలో మొదటిది ఇదే కదుటే. ఆ ఒకటిన్నర సెకను ఊపిరి బిగబట్టి నిలబడ్డవాణ్ణి నేను. అప్పుడు ఏమనుకున్నానో చెప్పనా? అన్నయ్యకి జ్వరం ఇంకో వారం ఉంటే బాగుణ్ణు అనుకున్నా. చాలా హాయిగా అనిపించింది. అంత హాయి నా జన్మలో ఎరగను."

డైరెక్టరు కాగితాలు సర్దుకోవడం మొదలెట్టాడు. నేను హెడ్‌ఫోన్లు తీసి కింద పెట్టాను. మావయ్య మీద కోపమొచ్చింది, జాలీ వేసింది. రెండిట్లో ఏది ముందో ఇప్పటికీ చెప్పలేను.

"ముసుగు తీశాక వాడు ఏడవడు. వాడికి సిగ్గేస్తుంది" అన్నాడు మావయ్య లేస్తూ. "అయినా ఆ గొంతు అన్నయ్యది. ఈసారి అడిగి తీసుకుంటా. ఇవ్వకపోతే ఇంకెవర్నైనా చూసుకోండి."

మర్నాడు పొద్దున్న నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఒక్కడే వెళ్లడానికి ధైర్యం చాలలేదు. పెద్దమావయ్య కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. పెద్దత్తయ్య వెనక వసారాలో గిన్నెలు తోముతోంది. చిన్నమావయ్య జరిగినదంతా చెప్పాడు. ముందు సినిమా సంగతి, తర్వాత మైకు ముందు 'సరే సార్' అన్న సంగతి, ఆఖర్న జ్వరం సంగతి. పెద్దమావయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు. విన్నాక పలక మీద రాశాడు.

"తెలుసు. ఆ మాటలేవో చెప్పు, వింటా."

చిన్నమావయ్య కళ్లు మూసుకున్నాడు. "నేనే. ఇలా రా. భయపడకు."

వెనక గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఏదో దొర్లింది. పెద్దత్తయ్య మోచేతుల దాకా సబ్బు నురగతో పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఏమండీ! మాటొచ్చిందా? ఏమండీ!" అంటూ వచ్చింది. ఆపరేషనయిన నాలుగేళ్లలో ఆవిడ మొహం అంత వెలగడం నేను చూడలేదు. పెద్దమావయ్య మూసిన నోటితో ఆవిడ వంక చూశాడు. ఆవిడ ఆయన్ని చూసింది, పలకని చూసింది, చిన్నమావయ్య వైపు తిరిగింది.

"నువ్వా" అంది. చేతుల నురగ చీరకి తుడుచుకుంటూ, "కూర్చోండి, టీ పెడతా" అని లోపలికి వెళ్లింది. ఆ టీ రాలేదు.

పెద్దమావయ్య పలక తుడిచి రాశాడు. "సినిమాకి వాడుకో. నేనే ఇస్తున్నా. నా ఇంట్లో మాత్రం ఆ గొంతు ఎత్తకు."

ఆ మూడు మాటలూ మావయ్య ఒక్క టేకులో చెప్పేశాడు. డైరెక్టరు కళ్లు తుడుచుకుంటూ, సిగ్గే కరెక్టు సార్, అన్నాడు. మావయ్య చెప్పులేసుకుని ఇంటికి పోయాడు.

పది రోజుల తర్వాత స్టూడియోలో ఇద్దరం మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. మావయ్య ఫోను మోగింది. చెయ్యి ఎంగిలిది కావడంతో స్పీకరు నొక్కి బల్ల మీదే పెట్టాడు.

"నేను, వదిన్ని" అంది పెద్దత్తయ్య. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "మీ అన్నయ్య నడకకి వెళ్లారు. నువ్వు మాట్లాడక్కర్లేదు, నా మాట విను. ఆపరేషనుకి తీసుకెళ్తుంటే ఆయన నాతో ఏదో అన్నారు. ఆ గోలలో నాకు వినపడలేదు. తర్వాత పలక మీద రాయమంటే గుర్తులేదంటారు. ఏమన్నారో నాకక్కర్లేదు. ఆ గొంతుతో ఒక్కసారి 'ఏమే' అను చాలు. ఆయనకి చెప్పను. నీకు దణ్ణం పెడతా."

నాకైతే అనెయ్యమనే అనిపించింది. ఒక్క మాట, ఎవరి సొమ్మేం పోయింది? నేను తలూపాను కూడా. మావయ్య నోరు తెరిచాడు. వెంటనే ఎంగిలి చేత్తోనే నోరు మూసేసుకున్నాడు. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి.

"ఉన్నావా?" అంది అత్తయ్య.

కనీసం 'వదినా' అని పలకొచ్చు. పలికితే ఎవరి గొంతు వస్తుందో అతనికే నమ్మకం లేదు. ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు. అవతల ఆవిడ ఊపిరి వినిపిస్తూనే ఉంది. ఇక్కడ వేళ్ల సందుల్లోంచి మావయ్య ఊపిరి ఆవిడకీ వినిపిస్తూ ఉండి ఉంటుంది.

చాలాసేపటికి, "సరేలే" అంది. "తిను. చల్లారిపోతుంది."