పేరు పెట్టని కుక్కతో గుట్టెక్కిన ఆదివారం

నాకు షుగరు ఉందని తేలిన రోజు, సర్కారు దవాఖానలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నకే నాకు కోపం వచ్చింది.

"నడుస్తున్నరా?" అంది.

"దినాం పన్నెండు గంటలు నడుస్త మేడం. నాలుగు సాంచాలు నావి. ఈ కొసకెల్లి ఆ కొసకు పోవుడు, వచ్చుడు, గదే నా పని" అన్నాను.

"అది తిరుగుడు. నేను అడిగింది నడుసుడు" అని, ఆమె మందుల చీటీ నా చేతిలో పెట్టి తరువాతి మనిషిని పిలిచింది.

సాంచాలంటే మరమగ్గాలు. కరీంనగర్ నుంచి బస్సులో గంట దూరంలో ఉన్న మా పట్నంలో సగం మంది వాటి మధ్యే పుట్టి వాటి మధ్యే ముసలివాళ్ళవుతారు. ఇంటికొచ్చి ఆ పూటంతా డాక్టరమ్మ మీద రుసరుసలాడాను. మా ఆవిడ విని విని, "గింత గట్టిగ చెప్పకు. ఇది ఇల్లు, షెడ్డు కాదు" అంది. ఇరవై ఏళ్ళుగా రోజుకొకసారైనా ఆమె అనే మాట అది. సాంచాల మోతలో బతికినవాడి గొంతు ఇంటికొచ్చినా తగ్గదు. పప్పులో ఉప్పు తక్కువైందని నేను చెబితే పక్కింటివాళ్ళు కొట్లాట అనుకుని గోడ మీదుగా తొంగి చూస్తారు.

మా షెడ్డులో సాంచాలు బాగుచేసే మేస్త్రీకి నాకంటే రెండేళ్ళ ముందే షుగరు వచ్చింది. నా మొహం చూసి అతను సంతోషపడ్డాడనే చెప్పాలి, తోడు దొరికినందుకు.

"ఫికర్ చెయ్యకు భాయ్. ఈ బీమారిల నేను నీకు సీనియర్ను" అన్నాడు. "ఐతారం గుట్టెక్కుదాం. రోడ్డు మీద నడిస్తే ఎదురొచ్చినోడల్లా ఏమైందని అడుగుతడు. గుట్ట మీద అడిగెటోడు ఉండడు."

అలా మొదలైంది మా ఆదివారాల నడక. ఆ గుట్ట మా పట్నానికి మూడు కిలోమీటర్లు. డ్యాం కట్టాక నీళ్ళు దాని మొదలుదాకా వచ్చి ఆగాయి. నేను ఇంతవరకు సముద్రం చూడలేదు. కానీ గుట్ట నడుము మీది బాటలో నడుస్తుంటే ఎడమ చేతి వైపంతా నీళ్ళే. అవతలి ఒడ్డు మంచులో కలిసిపోయి కనబడదు. గాలి ఉన్న రోజున అలలు వచ్చి బండలకు కొట్టుకుంటాయి. పాత తారురోడ్డు ఒకటి గుట్ట కింద నుంచి తిన్నగా నీళ్ళలోకి దిగిపోతుంది. ఊళ్ళను లేపి పంపించారు గానీ రోడ్డును ఎవరు లేపుతారు? మేస్త్రీ ఒకసారి బంధువుల పెళ్ళికి పోయి నిజం సముద్రాన్ని చూసొచ్చాడు. దానికంటే మన నీళ్ళే నయమని, ఇవి తాగొచ్చని అతని తీర్పు.

మాతో మూడో మనిషి కుక్క. నాలుగేళ్ళ కిందట పిల్లగా ఉన్నప్పుడు ఒక వానలో తడిసి షెడ్డులోకి వచ్చింది. గోధుమ రంగు. ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒకటి వాలిపోయి ఉంటుంది. మూలకు వేస్టు నూలు కుప్ప కనబడితే దాని మీదికెక్కి పడుకుంది, ఇక పోలేదు. మొదటి రోజు మేమందరం తిట్టుకున్నాం. మూడో రోజు దాని కోసం నేనే ఇంటి నుంచి అన్నం తెచ్చాను.

పేరు పెట్టాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. పెట్టినా పిలిచే వీలు లేదు. పన్నెండు సాంచాలు ఒకేసారి ఆడుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు. మేము చేతులతోనే మాట్లాడుకుంటాం. చెయ్యి పైకెత్తి మణికట్టు తిప్పితే పోగు తెగిందని. బొటనవేలు నోటి దగ్గర పెడితే ఛాయ్ అని. పొట్ట ముందు చేత్తో పెద్ద సున్నా చుడితే సేటు వస్తున్నాడని. కుక్కకూ అదే భాష వచ్చింది. అరచెయ్యి చూపితే ఆగుతుంది. తొడ మీద తడితే దగ్గరికి వస్తుంది. వేలు మూలకు చూపితే పోయి నూలు కుప్ప మీద పడుకుంటుంది. బెల్టు తిరిగే వైపు ఒక్కసారి కూడా పోలేదు. మా పిల్లల కంటే ఇదే చెప్పిన మాట వింటుందని అందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. దానికి నేను నోటితో చెప్పిన మాట ఒక్కటీ లేదన్న సంగతి నాకు తట్టనేలేదు.

మోతకు అది అస్సలు బెదరదు. దీపావళికి వాడకట్టులోని కుక్కలన్నీ మంచాల కింద దూరితే, ఇది షెడ్డు ముందు పటాకుల నడుమ హాయిగా నిద్రపోయింది. అది లేచేదల్లా సాయంత్రం, ఛాయ్ కోసం మేము సాంచాలు బందు పెట్టినప్పుడే. చివరి సాంచె ఆగగానే ఒళ్ళు విరుచుకుని వచ్చి మేస్త్రీ ముందు కూర్చుంటుంది. అతను తన రస్కులో సగం విరిచి దానికి పెడతాడు. షుగరు మనిషికి సగం రస్కే చాలంటాడు.

వేస్టు నూలు జడలాగా అల్లి దాని మెడకు తాడు చేశాను. గుట్ట మీద అది మాకంటే ముందు నడిచేది. పదడుగులకోసారి వెనక్కి తిరిగి నా చేతులు చూసేది. మొహం వైపు చూసేది కాదు. చేతులు ఊరికే ఉంటే, సరే అనుకుని ముందుకు పోయేది. మేస్త్రీ ఆ చూపు చూసి, "నీ ఇంట్ల నీ చేతులు గింత శ్రద్ధగ ఎవరన్న చూస్తరా?" అని ఆటపట్టించేవాడు.

దసరా పోయి పది రోజులైంది. గుట్ట మీద సీతాఫలాలు కన్ను విప్పి పండే కాలం. పొద్దున ఇద్దరికీ పనిబడి, ఆ ఆదివారం మూడింటికి బయలుదేరాం. షుగరు మనుషులం ఇద్దరం సీతాఫలాల కోసం గుట్టెక్కుతున్న సంగతి ఇళ్ళల్లో చెప్పలేదు. డాక్టరమ్మ చెప్పినట్టు నడకకు పోతున్నామని సంచి మడిచి జేబులో పెట్టుకున్నాను. మా ఆవిడ నా బుద్ధికి మెచ్చుకుని ఫ్లాస్కులో ఛాయ్, పొట్లంలో రస్కులు పెట్టి పంపింది.

గుట్ట నెత్తి మీద చదునైన బండ దగ్గర చెట్లు విరగకాశాయి. రెండు చేతులతో తెంపుకోవాలని నేను కుక్క తాడు విప్పేశాను. తరువాత తప్పు మేస్త్రీదే అని వాదించాను గానీ, నిజం చెప్పాలంటే విప్పింది నేనే. నాలుగు కాయలు తెంపానో లేదో, పొదలో నుంచి నెమలి ఒకటి రెక్కలు కొట్టుకుంటూ లేచింది. కుక్క దాని వెంట పడి, నీళ్ళు లేని అవతలి వాలు వైపు దూకి మాయమైంది.

నేను తొడ మీద తట్టాను. మాయమైన కుక్కకు నా తొడ ఎలా కనబడుతుంది? పిలుద్దామని నోరు తెరిచాను. ఏమని పిలవాలి? అలా నోరు తెరుచుకునే నిలబడిపోయాను.

"ఆజా, ఆజా బేటా" అని మేస్త్రీ మొదలుపెట్టాడు. నేను నాకు తెలిసిన కుక్కల పేర్లన్నీ ఒకదాని తరువాత ఒకటి అరిచాను. టామీ అన్నాను, టైగర్ అన్నాను, రాజూ అన్నాను. మా గొంతులకు పిట్టలు లేచిపోయాయి తప్ప కుక్క రాలేదు. గుట్ట ఆ చివరి నుంచి ఈ చివరిదాకా రెండుసార్లు తిరిగాం, ముళ్ళు గీరుకుపోయాయి. నాలుగున్నర దాటింది.

మా అరుపులకు మేకలు కాసే ఒక ముసలామె కర్ర పట్టుకుని పైకి వచ్చింది.

"ఏంది కొడుకా, ఎవలన్న పడ్డరా?" అంది.

"కుక్క తప్పిపోయింది అవ్వా" అన్నాను.

"పేరేంది?"

"పేరు లేదు."

"ఎన్నేండ్ల సంది సాదుతున్నవు?"

"నాలుగేండ్లు."

ఆమె నన్ను కింది నుంచి మీదిదాకా చూసింది. "నా మేకలు ముప్పై ఉన్నయి. అన్నిటికి పేర్లున్నయి" అని, కర్రతో వాలు కింద పచ్చగా కనబడుతున్న మక్కజొన్న చేన్లు చూపింది. "పొద్దుగూకక ముందే పట్టుకోండ్రి. అడివి పందులు రాకుంట చేను సుట్టు తీగ గుంజిండ్రు. పొద్దుగూకంగనే కరంటు పెడ్తరు. మొన్న నా మేకపోతు గట్లనే పోయింది."

పొద్దు నీళ్ళకు రెండు బారల ఎత్తులో ఉంది. కరెంటు బెల్టు పక్కన నాలుగేళ్ళు జాగ్రత్తగా పడుకున్న జీవాన్ని తెచ్చి, సీతాఫలాల కోసం కరెంటు తీగల మీదికి వదిలేశాను. షెడ్డుకు ఒంటరిగా పోయి ఆ నూలు కుప్పను ఎలా చూడాలో నాకు అర్థం కాలేదు. భయం వేస్తే నాకు కోపమే వస్తుంది. ఆ కోపం మేస్త్రీ మీదికి తిరిగింది.

"కాయలు కాయలని పానం తీసింది నువ్వే" అన్నాను.

"తాడిప్పింది ఎవరు? నా చేతుల ఫ్లాస్కు ఉండె."

"నువ్వు జర పట్టుకోవద్దా?"

"నీ కుక్క, నీ తాడు, నేనెందుకు పట్టుకుంట?"

ముసలామె మా ఇద్దరి నడుమ కర్ర అడ్డం పెట్టింది. "గిదేం కొట్లాట కొడుకా, గుట్ట మీద?"

"కొట్లాడుతలేము అవ్వా, మాట్లాడుకుంటున్నం" అన్నాడు మేస్త్రీ, నాకంటే గట్టిగా.

ఆమె తల ఊపుతూ మేకల వైపు దిగిపోయింది. మేము మళ్ళీ అరవడం మొదలుపెట్టాం. నేను అటు, అతను ఇటు. ఎంతసేపు అరిచామో తెలియదు. కొంతసేపటికి నా గొంతు పూర్తిగా పోయింది, నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. బండ మీద కూలబడ్డాను. మేస్త్రీ కూడా అరవడం మానేసి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి ఫ్లాస్కు తీసి మూతలో ఛాయ్ పోశాడు. గాలి కూడా పడిపోయింది. కింద మేకల గంట ఒకటి మోగి ఆగింది. మేమిద్దరం పక్కపక్కన అంత ఊరికే ఎప్పుడూ కూర్చోలేదు.

వెనకాల ఎండుటాకులు కదిలాయి. తిరిగి చూస్తే కుక్క. ఒంటినిండా పల్లేరు కాయలు. ముందు కాళ్ళు చాచి, నడుము వంచి, నిదానంగా ఒళ్ళు విరుచుకుంది. తరువాత వచ్చి రోజూ కూర్చున్నట్టే మేస్త్రీ ముందు కూర్చుని అతని చేతులు చూసింది.

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. మేస్త్రీ రస్కు విరవబోయి, ఆగి, మొత్తం దానికే పెట్టేశాడు.

నేను నూలు తాడు దాని మెడకు రెండు ముళ్ళు వేసి కట్టాను. మేస్త్రీ లేచి అది వచ్చిన వైపు పోయి చూసి, చెయ్యెత్తి నన్ను రమ్మన్నాడు. మేము అరిచిన బండకు ఇరవై అడుగుల దూరంలో, పొద చాటున, గడ్డి గుండ్రంగా అణిగి ఉంది. చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది. నెమలి ఎగిరిపోగానే అది తిరిగి వచ్చేసినట్టుంది. ఇద్దరం ఆగకుండా మోత పెడుతుంటే, పని నడుస్తోంది కదా అని ఎప్పటిలాగే పడుకుంది. మేము నోళ్ళు మూసేదాకా ఛాయ్ వేళ అయిందని దానికెలా తెలుస్తుంది?

మేస్త్రీ తల పట్టుకుని నవ్వాడు. నాకు నవ్వడానికి కూడా గొంతు లేదు. కాయల సంచి బండ మీదే మరిచిపోయి దిగాం. సగం దూరం దిగాక గుర్తొచ్చింది గానీ, వెనక్కి పోదామని ఇద్దరిలో ఎవరూ అనలేదు. కింద చేను పక్కన మోటారు గది దగ్గర ఎవరో బల్బు వేశారు. నేను తాడును చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాను.

ఆ రోజు కుక్కను షెడ్డులో వదలబుద్ధి కాక ఇంటికి తీసుకుపోయాను. చెప్పులు విడిచి, గుమ్మం లోపల కూర్చుని, ఒక్కొక్క పల్లేరు కాయ ఏరుతున్నాను. కాసేపటికి మా ఆవిడ వంటింట్లో నుంచి బయటికి వచ్చింది. నన్ను చూసింది, తలెత్తి తిరుగుతున్న ఫ్యాను చూసింది.

"ఏంది, గింత సప్పుడు లేదు? కరంటు పోయిందనుకున్న" అంది.

ఏదో చెప్పాను. నా గొంతు నాకే సరిగా వినబడలేదు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, నా పక్కన కింద కూర్చుని, చెవి నా దగ్గరగా పెట్టింది. "ఇగ చెప్పు" అంది.

మొదటి నుంచి చెప్పాను. తాడు, నెమలి, మక్క చేను, ముసలామె. పాపం, ఆమె ఒక్క మాట అడ్డం రాకుండా, నా భుజానికి భుజం ఆనించి వింది. మధ్యలో కుక్క తల మీద చెయ్యి వేసి నిమిరింది. ఆమె అంత దగ్గరగా కూర్చుని నా మాట విని ఎన్నేళ్ళయిందో గుర్తు తెచ్చుకుంటూ, ఆ సంతోషంలో, తాడు ఎందుకు విప్పానో కూడా చెప్పేశాను.

"సీతాఫలాలా?" అని లేచి నిలబడింది. ఆ తరువాత ఆమె అన్న మాటలు వాడకట్టు చివరి ఇంటికి కూడా వినబడ్డాయి. పక్కింటివాళ్ళు గోడ మీదుగా తొంగి చూశారు. కుక్క ఒకసారి ఆమె చేతుల వైపు, ఒకసారి నా చేతుల వైపు చూసి, తల కాళ్ళ మీద పెట్టుకుని హాయిగా నిద్రపోయింది.