ఆదిలాబాద్‌కు రెండు నిమ్మకాయలతో

తెల్లవారకముందే దీపం పెట్టి, దేవుడి ముందున్న రెండు నిమ్మకాయలు కొంగున ముడేసుకుని బయలుదేరాను.

మా ఆయన రాజన్న కరీంనగర్ చివర ఒక షెడ్డులో మరమగ్గాలు నడుపుతాడు. మోకాలు అరిగిపోయి అంత దూరం నడవలేకపోతున్నాడు. పని తెల్లవారుజామునే మొదలవుతుంది, ఆ వేళకు ఆటోలు దొరకవు. "వచ్చే నెల నుంచి టైముకు రాకుంటే మగ్గాలు వేరేటోళ్లకిస్త, ఏమనుకోకు" అని షెడ్డు యజమాని చెప్పేశాడు. మేముండేది రెండో అంతస్తు. కింద బండి పెట్టే జాగా లేదు. అందుకే మడతపెట్టి పైకి మోసుకెళ్లే కరెంటు సైకిల్ మీద మనసు పడింది. అసలు కంపెనీవాటి ధర మాకు అందదు. వాటిని చూసి చేసిన చౌక నకళ్లు ఆదిలాబాద్‌లో యాకూబ్ భాయ్ అనే వ్యాపారి దగ్గరున్నాయని తెలిసింది.

ఆరింటి ఎక్స్‌ప్రెస్ బస్సు ఇద్దరం ఎక్కాం. నాకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్, ఆయనకు మామూలు టికెట్. కిటికీ పక్క సీటు దొరికింది, దానికీ దండం పెట్టుకున్నాను. నేను బడికి పోలేదు. మా అవ్వ ఇంట్లోనే అక్షరాలూ, నరసింహస్వామి నామాలూ నేర్పింది. ధర్మపురి వచ్చేదాకా అవే అనుకుంటూ కూర్చున్నాను. గోదావరి వంతెన మీద నీళ్లు కనబడలేదు. కింద పొగమంచే నదిలా పారుతోంది, బస్సు దాని మీద తేలుతోంది. అందరూ నాణేలు వేశారు. ఒక్కదాని చప్పుడూ వినబడలేదు.

జన్నారంలో బస్సు ఆగితే టీ తాగాం. అక్కడ ఎక్కిన ముసలమ్మ నా పక్కన కూర్చుని, "యాడికి బిడ్డా?" అంది.

"మడతపెట్టే సైకిల్ చూడనీకి, అవ్వా."

"మడతపెట్టనీకి అదేమన్న చీరెనా? నడిమిట్ల ఊడితే నీ మొగడు రెండు ముక్కలైతడు!"

"సగం తిండి మిగుల్తది తియ్, అవ్వా" అన్నాడు మా ఆయన. ఆమె నవ్వి, తన మూటలోంచి జొన్నరొట్టె తుంచి ఇద్దరికీ పెట్టింది.

టేకు చెట్ల మధ్య కునుకు పట్టింది. కలలో సైకిల్ నాలుగు మడతలై మా దేవుడి గూట్లో ఒదిగిపోయింది. లేచేసరికి ఆదిలాబాద్. ఎదురుగా పత్తి లారీలు, ఎండలో తేలుతున్న దూదిపింజలు.

దుకాణం బస్టాండు వెనకే. "రా చెల్లె, ఫికర్ చెయ్యకు, అన్నీ విప్పి చూపిస్త" అన్నాడు యాకూబ్ భాయ్. ఉన్నవి రెండు రకాలు. తెల్లది తళతళలాడుతోంది. ఒక్క చేత్తో లేపాను. ఆకుపచ్చదాని అతుకులు బొడిపెలు బొడిపెలుగా ఉన్నాయి. లేపితే నడుము పట్టేసింది.

"ఒక్కసారి చార్జింగ్ పెడితే ఎంత దూరమొస్తది భాయ్?" మా ఆయన అడిగాడు.

"డబ్బా మీద రాసిందాంట్ల సగమనుకో. నకలు నకలే కద."

నా కళ్లు తెల్లదాని మీదే ఉన్నాయి. మెట్ల మీద దాన్ని పువ్వులా మోసుకెళ్తున్నట్టే అనిపించింది. ఆ తొందరలో కొంగుముడి విప్పి ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టేశాను.

"ఏందే, ఇంక మనది కాలే! కొనకముందే దిష్టి తీస్తరా?" అన్నాడు మా ఆయన.

"కానీయ్ అన్నా, బర్కతే గద, మంచే జరుగుతది!" యాకూబ్ భాయ్ నవ్వాడు.

మా ఆయన సీటు మీద కూర్చుని మెల్లగా ముందుకు పోనిచ్చాడు. చక్రం నిమ్మకాయ ఎక్కింది. టక్‌మంది. మడత దగ్గర బిగించే నడిమి కొక్కెం ఊడి, మనిషి మీదుండగానే సైకిల్ మడతపడబోయింది. యాకూబ్ భాయ్ చంకల కింద చేతులేసి పట్టుకోకపోతే ఆ మోకాలు నేలకు తగిలేదే. నిమ్మకాయ మాత్రం చెక్కుచెదరకుండా దొర్లి బీరువా కిందికి పోయింది.

"యా అల్లా! కొక్కెం ఉత్త రేకు" అన్నాడు యాకూబ్ భాయ్. నవ్వు పోయింది. "సడక్ మీద గుంత తగిలుంటే? ఇయ్యాల్టి సంది ఇవి అమ్మనే అమ్మ." తెల్లవాటన్నిటినీ లోపలికి నెట్టేశాడు.

రెండో నిమ్మకాయ ఆకుపచ్చదాని కింద పెట్టాను. మా ఆయన ఎక్కి నడపగానే అది పగిలి రసం నేలంతా చిమ్మింది. ఇటుక మీదుగా ఎక్కించి దించినా కొక్కెం కదలలేదు.

"బరువున్నదే. నువ్వెట్ల మోస్తవ్?"

"నిన్ను మోసుడు కంటె నయమే" అన్నాను.

ఆ ఆకుపచ్చదే కొన్నాం. తిరుగు బస్సులో కండక్టర్ దాన్ని ఎగాదిగా చూశాడు. "అక్కకు జీరో, అన్నకు ఫుల్లు, దీనికి లగేజీ. ఎక్కుండ్రి!" దారంతా చక్రం నుంచి నిమ్మవాసన వచ్చింది. ఈ సైకిల్ ఎన్నాళ్లు నడుస్తుందో నాకు తెలియదు. నాలా వెళ్లేవాళ్లు మాత్రం నిమ్మకాయ తీసుకెళ్లండి, కొనకముందే పెట్టండి. గోదావరి మీద ఈసారి నాణెం వేయడం మరిచిపోయాను. చేతులు జోడించే ఉన్నాయి.

ఇల్లు చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి. సైకిల్ భుజానికెత్తుకుని, మెట్టుకో నామం అనుకుంటూ ఎక్కాను. వెనక గోడ పట్టుకుని వస్తూ మా ఆయన, "అలసినవా?" అన్నాడు. జవాబు చెప్పేలోగా మా తలుపు వచ్చింది. మెట్లు అయిపోయాయి, నామాలు ఇంకా మిగిలే ఉన్నాయి.