జెత్రో వదిలేసిన బంతులు

ఓడల మీద సగం ప్రపంచం తిరిగాను. తుపానులో తెరచాప కొయ్య ఫెళ్ళున విరిగి పక్కనే పడటం చూశాను. అప్పుడు కూడా ఇంత అదిరిపడలేదు. విక్టోరియా రాణి జూబిలీ ఏడాది, మా కెంట్‌లో, ఎండ కాస్తున్న శనివారం మధ్యాహ్నం జెత్రో వికెండెన్ బంతి వదిలేశాడు!

జెత్రో మా చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. వేసవి శనివారాల్లో మా ఊరి జట్టుకు వికెట్ కీపరు, పైసా పుచ్చుకోకుండా. కీపరు చేతి తొడుగులు అప్పట్లో మరీ పల్చన. దెబ్బ తగలకుండా వాటిలో పచ్చి మాంసం ముక్కలు పెట్టుకునేవాడు. సాయంత్రం కసాయివాడి కుక్క అతన్ని ఇంటిదాకా సాగనంపేది. వేళ్ళు ఎంత వాచినా ఆదివారం ఆర్గన్ ఆగేది కాదు.

అతని వెనక కుక్క కన్నా నమ్మకంగా ఉన్నవాడు సైలస్ హోనెస్, పీపాలు చేసేవాడు. కీపరును దాటిన బంతిని ఆపడానికి దూరంగా ఒకణ్ణి నిలబెట్టడం పాత ఆచారం. ఆ చోటు సైలస్‌ది. బ్యాటు పట్టడం రాదు, బంతి వేయడం రాదు, అదొక్కటే అతని ఆట. చర్చిలోనూ అంతే, ఆర్గన్ వెనక తిత్తి కొట్టి గాలి నింపేది అతనే.

పట్నం జట్లు ఆ వెనకవాణ్ణి తీసేశాయని మా కెప్టెన్ పాదిరి టఫ్నెల్ గారు విన్నారు. “జెత్రోను దాటి బంతి పోతేగా! ఇక నువ్వు కూర్చో సైలస్” అన్నారు. సైలస్ వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

ఆ రోజే మొదటి బంతి జెత్రోను దాటి గీత దాకా పోయింది. నాలుగు పరుగులు. ఊరంతా నోరెళ్ళబెట్టింది. మళ్ళీ ఇంకోటి.

“మాంసం కుక్కకి పెట్టేసి వచ్చావా ఏంటి జెత్రో?” ఎవరో అరిచారు.

“చెయ్యి జారింది” అన్నాడు జెత్రో.

మూడోది పోయేసరికి పాదిరిగారి మొహం పాలిపోయింది. “సైలస్! పరిగెత్తి నీ చోట నిలబడు!”

“నేను లేవను దొరగారూ.”

సైలస్ కళ్ళు మాత్రం జెత్రో చేతుల మీదే ఉన్నాయి. అప్పుడు నాకూ వెలిగింది. ఆ చేతులు బంతి దగ్గరకు వచ్చి, కావాలని తప్పుకుంటున్నాయి!

టీ వేళ సైలస్ అతన్ని పట్టుకున్నాడు. “నాకు చోటిప్పించడానికి ఊరిని ఓడిస్తావురా?”

“నువ్వు లేకపోతే వీపు చల్లగా ఉందిరా.”

“కోటు తొడుక్కో.”

మేం ఓడిపోయాం.

మర్నాడు చర్చిలో పాట మూడో చరణం మధ్య ఆర్గన్ ఒక్క మూలుగు మూలిగి చచ్చిపోయింది. జెత్రో వేళ్ళు మెట్ల మీదే ఉన్నాయి, చప్పుడు లేదు. పాదిరిగారు పుస్తకం జారవిడిచారు. ఆర్గన్ వెనక నుంచి నింపాదిగా ఒక గొంతు వినపడింది:

“చెయ్యి జారింది.”

జెత్రో మెడ దాకా ఎర్రబడ్డాడు. కాసేపటికి గాలి తిరిగి వచ్చింది.

ఆ పై శనివారం అతని వెనక ఎవరూ లేరు. ఒక్క బంతీ దాటలేదు. ఒకసారి మాత్రం తల వెనక్కి తిప్పబోయాడు.

“ముందుకి చూడరా!” అని బల్ల మీంచి సైలస్ కేక.