ఆకలి బిళ్ళ

ఆ శనివారం ఉదయం పంజాగుట్టలోని పశువుల క్లినిక్‌లో ఉన్నవారూ ఉన్నవీ ఇవి: మా పిన్ని, నేను, పైన పిన్ని పాత చీర ముక్కతో గట్టిగా కట్టిన ప్లాస్టిక్ కూరగాయల బుట్ట, ఆ బుట్టలో పదహారేళ్ళ ఆడపిల్లి, ఎదురు బెంచీ దగ్గర కాలికి కట్టుతో పెద్ద కుక్క, దాని గొలుసు చేతికి చుట్టుకుని కూర్చునే నిద్రపోతున్న దాని యజమాని, గోడ మీద కుక్కజాతుల బొమ్మల పటం. పిల్లుల పటం లేదు. ఈ లోపాన్ని పిన్ని రెండుసార్లు ప్రస్తావించింది.

పిల్లి పిన్నిది. నేను ఇంజనీరింగ్ చదవడానికి భీమవరం నుంచి అమీర్‌పేటలోని వాళ్ళింటికి వచ్చేసరికే అది అక్కడ ఉంది. చదువయ్యాక బేగంపేటలో ఉద్యోగం రావడంతో నేను అక్కడే ఉండిపోయాను. బాబాయి ఉద్యోగం విశాఖలో; నెలకోసారి వస్తారు. కాబట్టి ఇంట్లో మామూలుగా ఉండేది ముగ్గురం. ఆ ముగ్గురిలో హోదా ప్రకారం నాది మూడో స్థానం. ఫ్యాను కింద కుర్చీ పిల్లిది. పిన్ని దాన్ని అమ్మడూ అని పిలుస్తుంది, నన్ను ఒరేయ్ అని.

ఏడాదిగా పిల్లికి మూత్రపిండాలు సరిగా పనిచెయ్యడం లేదు. అది తగ్గే జబ్బు కాదనీ, జాగ్రత్తగా నడుపుకుంటూ పోవాలనీ డాక్టరు ముందే చెప్పింది. నడుపుకుంటూనే వచ్చాం. అయితే ఆ వారం అది తిండి మానేసింది. ప్రత్యేకంగా తెప్పించిన డబ్బా మేత ముట్టలేదు. ఉడికించిన కోడిమాంసం వాసన చూసి పక్కకు తిరిగింది. పెరుగు నాకి వదిలేసింది. చివరికి పిన్ని చిన్న రొయ్యలు వలిచి, ఉప్పూ కారమూ లేకుండా వేయించి ముందు పెట్టింది. పిల్లి వాటికేసి చూసి, కుర్చీ కిందకు వెళ్ళి పడుకుంది. గోదావరి జిల్లాల ఇంట్లో పెరిగిన పిల్లి రొయ్యలు వద్దన్నదంటే ఇక పరీక్షలేమీ అక్కర్లేదని పిన్ని తేల్చేసింది. కళ్ళు తుడుచుకుని ఆటో పిలవమంది.

డాక్టరమ్మది కరీంనగర్ వైపు. నాకంటే ఓ నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. రక్తం తీసింది, పొట్ట నొక్కి చూసింది, తూచింది. రెండు కిలోల ఏడు వందల గ్రాములు. మూత్రపిండాల లెక్క పోయినసారి కంటే పెద్దగా చెడలేదంది. ఇప్పుడు భయపడాల్సింది వాటి గురించి కాదు, తినకపోవడం గురించి. ఆకలి పుట్టించే మందు ఒకటి ఇస్తాననీ, దానికీ తినకపోతే మెడ దగ్గర గొట్టం వేసి తినిపించాలనీ చెప్పింది. ఈ వయసులో మత్తు ఇచ్చి ఆ పని చెయ్యడం తనకు ఇష్టం లేదని కూడా దాచకుండా చెప్పింది. పిన్ని బుట్ట మీద చెయ్యి వేసుకుని అంతా విన్నది. ఆ చెయ్యి ఇంక తియ్యలేదు.

రక్తపరీక్ష కాగితాలు తెచ్చుకోవడానికి నేను బయటి కౌంటరు దగ్గరికి వెళ్ళాను. మందు ఎలా వెయ్యాలో డాక్టరమ్మ పిన్నికి వివరించింది అప్పుడే.

ఆటోలో అడిగాను. “రోజూ తప్పకుండా వెయ్యాలట,” అంది పిన్ని. చీటీ చూశాను. మందు పేరు, మోతాదు, పక్కన మూడు ఇంగ్లీషు అక్షరాలు: ఈ, ఓ, డి. మా ఆఫీసు మెయిళ్ళలో ఈ మూడక్షరాలు లేని రోజుండదు. పని ఈ.ఓ.డి.కల్లా కావాలి, రిపోర్టు ఈ.ఓ.డి.కల్లా పంపు. ఎండ్ ఆఫ్ డే. అంటే రోజు చివర్లో. పిన్ని రోజూ అంటోంది, చీటీ రోజు చివర్లో అంటోంది. రెండు వేరువేరు చోట్ల నుంచి ఒకే సమాచారం వచ్చింది. సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టడం నా ఉద్యోగం. అక్కడ ఇలాంటిదాన్ని సరిచూసినట్టే లెక్కవేస్తాం. వేళ కూడా రాసి ఇచ్చిన డాక్టరు మీద నాకు గౌరవం పెరిగింది. మా ఆఫీసులో రోజు ఐదున్నరకు ముగుస్తుంది, ఆరింటికి ఇంట్లో ఉంటాను కాబట్టి మందు వేళ సాయంత్రం ఆరు అని నిర్ణయించాను.

బిళ్ళ ముక్క ఆవగింజకు కాస్త పెద్దది. దాన్ని పేరుకున్న నెయ్యిలో పొదిగి, పిన్ని నోరు తెరిస్తే నేను నాలుక వెనక్కి వెయ్యాలి. మొదటి ప్రయత్నంలో అది నా చొక్కా జేబులో తేలింది. రెండోసారి కుదిరింది.

ఏడున్నర దాటాక వంటింట్లోంచి చప్పుడు వినిపించింది. పిన్ని టీవీ ఆపేసి, నన్ను కదలొద్దని వేలు చూపించింది. పిల్లి రొయ్యలు తింటోంది. తల ఓ పక్కకు వంచి, వెనక పళ్ళతో, కరకరమని. ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో. పిన్ని మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి, బాబాయికి ఫోను చేసి, ఏమీ మాట్లాడకుండా ఫోనును గిన్నె పక్కన పెట్టింది. అటు నుంచి బాబాయి హలో హలో అని కాసేపు అని, తర్వాత ఆయనా ఊరుకున్నారు. విశాఖలో ఒకరు, అమీర్‌పేటలో ఇద్దరం, ఒక పిల్లి రొయ్యలు నమలడం విన్నాం.

రెండో సాయంత్రం రొయ్యలు అయ్యాక నా ఆమ్లెట్టు కూడా తిన్నది. అడిగి తినలేదు. ఆ తర్వాత ఫ్రిజ్ ఎక్కింది. మోకాళ్ళ నొప్పులని మేం ఎప్పుడో అనుకుని, దాని కోసం సోఫా పక్కన పీట వేసి పెట్టాం. ఆ పీటను కన్నెత్తి చూడకుండా నేల మీంచి వంటగట్టు, గట్టు మీంచి ఫ్రిజ్. అక్కడ నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది. నేను దాన్ని అరుపు అనను, అందులో వాక్యాలున్నాయి. పిన్ని కింద నిలబడి అన్నిటికీ సమాధానం చెప్పింది. “అవునమ్మడూ. నిజమే. అలా అన్నాడా?” అంటూ. మా పిల్లి మళ్ళీ పడుచుదైందని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది.

మూడో సాయంత్రం అది బాల్కనీలోకి వెళ్ళి వీధికి చెప్పింది. మా కింది వాటాలో దర్జీ ఉంటాడు. సిరిసిల్ల మనిషి, రోజంతా మిషను తొక్కుతుంటాడు. మెడలో టేపుతోనే బయటికి వచ్చి తలెత్తాడు.

“తమ్మీ, మీ పిల్లి మస్తు జోష్‌ల ఉన్నది. నా మిషన్ చప్పుడు సుత ఇనొస్తలేదు.”

ఆకలి మందు వేస్తున్నామన్నా, అని చెప్పాను.

“గట్లనా. గా గోలీ నాకు సుత ఒకటి తెచ్చిపెట్టు. నాకు జర ఆకలైతలేదు.”

బట్టలు తీస్తున్న పిన్ని పై నుంచే అందుకుంది. “మీకు ఆకలి లేకపోవడమేంటండీ? మొన్న పంపిన గారెల గిన్నె కడిగి మరీ తిరిగొచ్చింది.”

“అది మర్యాద అక్కా,” అన్నాడు దర్జీ.

ఆ రాత్రి బాబాయి ఫోను చేసి, వెనక ఆ ఏడుపు ఎవరిది, మీ అక్కయ్య వచ్చిందా అని పిన్నిని అడిగారు. పిన్నికి అక్క అంటే మా అమ్మే. ఫోను స్పీకర్లో ఉంది. నేను పక్కనే ఉన్నాను. ఈ విషయం ఇంతవరకు భీమవరం చేరలేదు.

నాలుగో రోజుకి నవ్వు కొంచెం తగ్గింది. పిల్లి పడుకోవడం లేదు. ఇల్లంతా తిరుగుతోంది, తిరిగిన చోటే మళ్ళీ తిరుగుతోంది. కంటిపాపలు పెద్దవై ఉన్నాయి. వెనక కాళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ఐదో రోజు ఒకసారి కక్కుకుంది, కక్కుకున్న వెంటనే మళ్ళీ తిన్నది. నేను చదవగలిగినంత చదివాను. ఆ మందు వల్ల పిల్లులు ఇలా అరుస్తాయని, తిరుగుతాయని ఉంది. మూత్రపిండాల జబ్బు ముదిరి విషం తలకెక్కినా అరుస్తాయని, తిరుగుతాయని కూడా ఉంది. ఒకే లక్షణానికి రెండు కారణాలు. రెండోదైతే ఇక చేసేదేమీ లేదు. మొదటిదైతే మందు ఆపెయ్యాలి, ఆపితే తిండి ఆగిపోతుంది. నేను ఈ మాటను ఏ విధంగా చెప్పాలా అని చూస్తుండగా పిన్ని ముందే చెప్పేసింది.

“తినేట్టు చేసింది ఆ బిళ్ళే కదరా. అది కూడా దీనికి పడకపోతే ఇంకేం మిగిలింది?”

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టాను. మళ్ళీ బుట్ట, మళ్ళీ చీర ముక్క. ఈసారి పిల్లి దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. ఎర్రమంజిల్ దిక్కు నుంచి వచ్చే మెట్రో రైలు పైన పోతున్నప్పుడు మాత్రం ఆగి, రైలు పోయాక అందుకుంది. ఆటో అతను వెనక్కి తిరిగి, బుట్ట లోపల ఎంతమంది ఉన్నరని అడిగాడు.

డాక్టరమ్మ బల్ల మీద పెట్టుకుని గుండె విన్నది, కళ్ళలోకి లైటు వేసి చూసింది, కాళ్ళు పట్టి చూసింది. నేను లక్షణాలన్నీ వరసగా చెప్పాను. ఆమె విని, మందు ఎట్లా ఇస్తున్నారని అడిగింది.

“రోజూ సాయంత్రం ఆరింటికి,” అన్నాను.

“రోజూనా?”

“మీరు రాసినట్టేనండీ. ఈ.ఓ.డి.”

“ఈ.ఓ.డి. అంటే?”

“ఎండ్ ఆఫ్ డే.”

ఆమె స్టెతస్కోపు చెవుల్లోంచి తీసింది. “తమ్ముడూ, మీరు ఏం పని చేస్తరు?” అని అడిగింది. చెప్పాను. “గదీ,” అంది. “మా దాంట్ల అది ఎవ్రీ అదర్ డే. ఒక రోజు ఇచ్చి ఒక రోజు ఆపాలె. అయినా నేను ఆంటీకి నోటితోని సుత చెప్పిన. దినం తప్పి దినం ఇయ్యాలె అని. చెప్పలే ఆంటీ?”

పిన్ని ముఖం ఎర్రబడింది. చెప్పారమ్మా అని ఒప్పుకుంది. అయితే ఆ ‘దినం’ అనే మొదటి మాట వినగానే, పిల్లి దగ్గర అలాంటి మాటేమిటని మనసులోనే చెవులు మూసుకున్నానని చెప్పింది. తర్వాత చెవిన పడింది ‘తప్పి’ ఒక్కటే. మందు విషయంలో ఎవరైనా చెప్పేది తప్పకుండా వెయ్యమనే కదా అని సర్దుకుంది.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఆ మాటలో ఏముందని నన్ను అడిగింది. మా వైపు దినం అంటే ఎవరైనా పోయాక పదో రోజునో పదకొండో రోజునో చేసేదని, బంధువులు వచ్చి భోంచేసి వెళతారని వివరించాను.

ఆమె ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత లాభం లేక కుర్చీలో కూర్చుండిపోయి నవ్వింది. “మా తాన దినం అంటే ఉత్త రోజే ఆంటీ. నేను దినాం చాయ్ తాగుత. దినాం క్లినిక్‌కి వస్త.”

“అలా అనకమ్మా, చిన్నపిల్లవి,” అంది పిన్ని. అని, తనూ ఆపుకోలేకపోయింది. బల్ల మీద పిల్లి మా ముగ్గురినీ మించి మాట్లాడుతోంది.

నవ్వు సర్దుకున్నాక ఆమె అసలు సంగతి చెప్పింది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్న ముసలి పిల్లుల ఒంట్లోంచి ఈ మందు తొందరగా బయటికి పోదు. అందుకే మధ్యలో ఒక రోజు ఖాళీ. మేము ఆ ఖాళీ ఇవ్వకుండా పోగేశాం. రక్తం మళ్ళీ తీసి చూసింది, జబ్బు ముదరలేదు. విషమేదీ తలకెక్కలేదు. ఎక్కింది ఆకలి మందే. రెండు రోజులు పూర్తిగా ఆపి, ఆ తర్వాత రోజు విడిచి రోజు వేస్తే ఈ గోల చాలావరకు తగ్గుతుందనీ, తిండి నిలుస్తుందనీ చెప్పింది. పిన్ని ఆమె రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత బయటికి వచ్చి, ఆ పటంలో పిల్లులు లేకపోయినా డాక్టరు మంచిదేనంది.

మందు ఆపిన మొదటి రోజంతా పిల్లి తన కుర్చీలో నిద్రపోయింది. మధ్యాహ్నం లేచి తిన్నది, మళ్ళీ పడుకుంది. పిన్ని అరగంటకోసారి వెళ్ళి పొట్ట ఎగసిపడుతోందో లేదో చూసి వచ్చింది. ఆ తర్వాత ఇంట్లో రోజులు రెండు రకాలుగా విడిపోయాయి: బిళ్ళ రోజు, ఉత్త రోజు. బిళ్ళ రోజున ఏడున్నర నుంచి ఓ గంట బాల్కనీలో మాటలుంటాయి. వణుకు లేదు, కక్కడం లేదు. ఉత్త రోజున తిండి కొంచెం తగ్గుతుంది, కానీ ఉంటుంది. దర్జీకి లెక్క కుదిరిపోయింది. “ఇయ్యాల పాట ఉన్నదా, రేపా?” అని అడిగి, ఉన్న రోజున ఆ వేళకు మిషను ఆపి చాయ్ తాగుతాడు. గారెల గిన్నెతో పాటు ఆయన ఒకసారి పిల్లికని మిగిలిన జరీ గుడ్డతో చిన్న దిండు కుట్టి పంపాడు. పిల్లి దాని మీద పడుకోదు. పిన్ని దాన్ని నడుం వెనక పెట్టుకుంటుంది.

నెల తర్వాత మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళాం. ముందు సాయంత్రం వేసిన బిళ్ళ జోరు ఇంకా కాస్త మిగిలి ఉండటంతో పిల్లి కాటా మీద నిలబడలేదు. దిగిపోయి గది కొలుస్తోంది. డాక్టరమ్మ ఉపాయం చెప్పింది. కుక్కలను తూచే పెద్ద కాటా మీద పిన్ని పిల్లిని ఎత్తుకుని ఎక్కాలి, తర్వాత ఒక్కతే ఎక్కాలి, మొదటి దాంట్లోంచి రెండోది తీసెయ్యాలి. పద్ధతి సరైనదేనని నేనన్నాను. పిన్ని ఒప్పుకుంది, కానీ నన్ను గోడ వైపు తిరగమంది. తీసివేత నేను చేస్తానన్నాను. నువ్వు చేసింది చాలు, డాక్టరే చేస్తుందంది పిన్ని.

గోడ వైపు తిరిగి నిలబడ్డాను. కాటా రెండుసార్లు చప్పుడు చేసింది. డాక్టరమ్మ లెక్క చూసుకుని, పోయిన నెల రాసిన రెండు కిలోల ఏడు వందల కింద రాస్తూ, పిల్లి అంకె ఒక్కటే పైకి చదివింది.

మూడు కిలోల యాభై గ్రాములు.